ఎక్స్ అని పెట్టనివ్వని మావయ్య

మా పైవాటా మావయ్య సోమవారం పొద్దున్న గుండెపోటుతో పోయారు. ముందురోజే నేను రాసిన పేజీ తొమ్మిదోసారి వెనక్కి పంపారు. కోపంతో నేను జవాబివ్వలేదు. ఆయన మాకు చుట్టం కాదు. పెందుర్తిలో మా మేడ మీద అద్దెకుండేవారు. ఒకే ఇంట్లో ఉంటూ కూడా ఫోన్లోనే మాట్లాడుకునేవాళ్లం. ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు.

ప్రోగ్రాం ముక్కలన్నీ కలిపి ఒకటిగా తయారుచేసే బిల్డ్ టూల్ ఒకటుంది. మధురవాడ ఆఫీసు నుంచి వచ్చాక, దాన్ని ఎలా వాడాలో మావయ్య తెలుగులో రాసేవారు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన నాకు లూప్ పేజీ అప్పజెప్పారు. లూప్ అంటే ఒకే పనిని ఒక్కో ఫైలుకీ వరసగా చేయించడం. వంతు వచ్చిన ఫైలుని పిలవడానికి ఒక పేరు పెట్టాలి. ఎక్స్ అని పెట్టాను.

"ఎక్స్ ఏటిరా? సూసినోడికి ఏటి తెలుస్తాది?"

"అందరూ అదే పెడతన్నారు మావయ్యా."

"అందరి పేజీలూ నాను దిద్దుతన్నానేటి?"

ఫైల్ అని మార్చాను. అదీ కుదరదన్నారు. "సదివినోడు ఆ పేరు ముందే ఎక్కడో వాడుకునుంటే?"

వాడుకుంటే వాడుకోనీ! ఒక్క పేరు పట్టుకుని టీ చల్లారిపోయేదాకా ఫోన్లోనే కూర్చునేవారు. అత్తయ్య పిలిచినా పలికేవారు కాదు. అంత విసుగు నాకింకెవరూ తెప్పించలేదు.

మావయ్య పోయిన పదకొండో రోజు అచ్యుతాపురం ఫ్యాక్టరీలో పనిచేసే అన్నయ్య ఒకాయన వచ్చాడు.

"ఒకపాలి మీ మావయ్య పాత పేజీలో లూప్ ఉన్నదున్నట్టు దించీసినాను తమ్ముడూ. అందులో పేరూ, నా ప్రాజెక్టుకి నాను పెట్టుకున్న పేరూ ఒకటే అయిపోనాయి. లూప్ అయినాక నాది పోయి, ఆకరి ఫైలు పేరు ఉండిపోనాది. ప్రోగ్రాం మిషన్లోకి ఎక్కలేదు. షిఫ్టంతా పని ఆగిపోనాది."

"మరేటి సేసినావన్నా?"

"ఫోన్ సేసి తిట్టీసినాను. మర్నాడు బస్సెక్కి వొచ్చీసినారు. 'తప్పు నాది, మీ సూపర్వైజరుకి నాను సెప్తాను' అని గేటు కాడ ఎండలో రెండు గంటలు నిలబడ్డారు. ఆయన సెప్పబట్టే నా ఉజ్జోగం ఉంది."

ఈ మాట నాకొక్కసారి చెప్పుంటే తొమ్మిదిసార్లు రాసేవాణ్నా? చెప్పరు! పోయాక కూడా విసిగిస్తున్నారు.

ఆ సాయంత్రం పాత పేరు తీసేసి ‘ఈ_వంతు_ఫైల్’ అని పెట్టాను. ‘ఈ పేరు మీరు ఇంకెక్కడా వాడలేదని చూసుకోండి’ అని కింద రాశాను. అలవాటుగా ఆయన నంబరుకే పంపేశాను.

కాసేపటికి అత్తయ్య మెట్ల మీంచి కేకేసింది. "ఒరే, నీ కాడ్నించి ఏదో వచ్చినాది. పైకొచ్చి సదివెట్టు."

వెళ్లాను. మొదటి లైను నుంచి గట్టిగా చదివాను. ఆవిడకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా ఫోన్ రెండు చేతులా నా ముందు పట్టుకుని, చివరి లైను దాకా కదలకుండా నిలబడింది.