ఎప్పటికైనా ఇది నీదే

హార్లన్ జెర్బీ పోయినప్పుడు మా ఊళ్ళో నిజంగానే ఏడ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఏడుస్తూనే అతని వంటింటి తలుపు పక్క గోడకేసి ఓరగా చూడడం కూడా నేను గమనించాను. ఆ గోడకు రెండు మేకుల మీద ఒక పాత రైఫిల్ ఉండేది.

హార్లన్ అక్క విల్డా మాత్రం అటు చూడలేదు. ఆ ఇంట్లో ఉన్న తుపాకులన్నిటిలోకీ ఆమెకు కావలసింది అదొక్కటే. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె పెరటికీ మా పెరటికీ మధ్య ఉన్న కంచె పొట్టిది, అంతే కారణం.

విల్డాకు పన్నెండేళ్ళప్పుడు, ఆ రైఫిల్ ఆమె చేతులకు మరీ పొడుగైందని వాళ్ళ నాన్న దాన్ని వంటబల్ల మీద పెట్టి, భుజానికి ఆనించే చెక్క మడమను రంపంతో కోసి పొట్టి చేశాడు. జింకల వేట మొదలయ్యే సోమవారం మా పెన్సిల్వేనియా కొండల్లో బళ్ళకు సెలవు. ఆ ఏడు ఆ సోమవారం విల్డా ఎనిమిది కొనల కొమ్ములున్న మగజింకను కొట్టింది. ఆ రోజు హార్లన్ గవదబిళ్ళలతో మంచంలో ఉన్నాడు. మరుసటి ఏడు అతనికి వేటకు వెళ్ళే వయసొచ్చింది. మగపిల్లాడు ఉండగా ఆడపిల్లకు తుపాకేమిటని రైఫిల్ అతని చేతికి వెళ్ళింది. అతను పొడుగయ్యాక కోసినచోట ఒక చెక్కముక్క అతికి రెండు మరలు బిగించారు. విల్డా చేతికి బడి వంటశాలలో గరిటె దొరికింది. పిల్లలకు వడ్డిస్తూ సగం జీవితం గడిపింది.

జింక తల మాత్రం హార్లన్ ఇంటి గోడెక్కింది. మొదట్లో అతను "మా ఇంట్లో కొట్టిన జింక" అనేవాడు. పెళ్ళయ్యాక అది "మేం కొట్టిన జింక" అయింది. కొడుకు పుట్టాక "నేను కొట్టిన జింక" అయింది. అతను చెప్పే కథలో ఏటేటా ఆ జింక ఇంకాస్త దూరం జరిగింది, మంచు ఇంకాస్త లోతెక్కింది, గాలి ఎదురు తిరిగింది. చివరి సంవత్సరాలకు వచ్చేసరికి ఆ గుండు పక్క జిల్లా నుంచి పేల్చినట్టుండేది. విల్డా పండగ బల్ల దగ్గర కూర్చుని ఆ కథ వింటూ, పండ్లు కూరి కాల్చిన పై ముక్కలు కోసేది. ఒక్కసారి కూడా కత్తి జారలేదు.

హార్లన్ మంచివాడు. తన ఇంట్లో పని చేసిపెట్టిన మనిషిని ఉత్తచేతులతో పంపేవాడు కాదు. చేతిలో ఒక మాట పెట్టి పంపేవాడు. ఖరీదైన తుపాకులన్నీ ఇనప బీరువాలో తాళం వేసి ఉండేవి. వాటి జోలికి పోకుండా వంటింటి రైఫిల్‌ని దించి, ఒకసారి నిమిరి, "మ్యూజియం వాళ్ళు అడిగినా ఇవ్వలేదు. ఎప్పటికైనా ఇది నీదే" అనేవాడు. విన్నవాడికి ఒళ్ళు పులకరించేది. మర్నాడు వచ్చి మిగిలిన పని కూడా చేసి పోయేవాడు.

అతని భార్య డోర్కస్ ఆ ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోవడానికి నిశ్చయించుకుంది. తుపాకులన్నీ అమ్మిపెట్టే పని విల్డాకు అప్పగించారు. పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు, వేటకు వెళ్ళదు, కాబట్టి ఆవిడకు ఏ ఆశా ఉండదని కుటుంబమంతా ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆమెను ఒకమాట అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

సమాధి కార్యక్రమం కాగానే చర్చి కింది హాల్లో భోజనాలు. చావుకు తప్ప మా ఊళ్ళో ఎండుద్రాక్షలు కూరిన పై ఎవరూ చెయ్యరు, అందుకని దానికోసమైనా జనం బాగానే వస్తారు. విల్డా పళ్ళెం పట్టుకుని నిలబడిందో లేదో, దూరపు చుట్టం మెల్విన్ పక్కకు చేరాడు.

"విల్డా, ఇలాంటప్పుడు అడగడం బాగుండదనుకో..."

"అయితే అడక్కు."

"ఆ వంటింటి రైఫిల్ ఉంది చూశావూ. హార్లన్ నా చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు, ఎప్పటికైనా ఇది నీదే అని."

"కట్టెలు కొడుతున్నప్పుడా, పేరుస్తున్నప్పుడా?"

"పేర్చేశాక" అన్నాడు మెల్విన్ నిజాయితీగా.

అతను అటు వెళ్ళగానే హార్లన్ కొడుకు కర్ట్ వచ్చాడు. "అత్తా, నాన్న నాతో ఒక మాటన్నాడు."

"ఇంటికప్పు మీద రేకులు మారుస్తున్నప్పుడేనా?"

"నీకెలా తెలుసు?"

"వాన రాకముందే అనుంటాడు."

చివరికి పాస్టర్ ఎల్డన్ కూడా గొంతు సవరించుకుంటూ వచ్చాడు. "విల్డా గారూ, పోయినవారి కోరిక ఒకటి నా దగ్గర ఉండిపోయింది. నాకు తుపాకుల మీద మోజు లేదనుకోండి..."

"మీరేం పని చేశారండీ మా వాడికి?"

"నేనా... ప్రార్థన చేశాను."

"అదీ బరువు పనేలెండి" అంది విల్డా.

వారం తిరగకుండా విల్డా ఆ ముగ్గురినీ డోర్కస్ వంటింట్లో కూర్చోబెట్టింది. బడి వంటశాలలో నేర్చిన పద్ధతి ఆమెది: తోసుకోకూడదు, అందరి ముందే వడ్డన. తుపాకులను వేలం వేసే లెవాన్ ఫ్రై ఆ రోజు సరుకు చూడడానికి వచ్చాడు. ఒక్కొక్క తుపాకీనీ తెరిచి, లోపల తూటా లేదని చూసి, బల్ల మీద పరుస్తున్నాడు. పాత జంటగొట్టాల తుపాకీ దగ్గర ఆగి టోపీ తీసి గుండెలకు ఆనించుకున్నాడు. అది అద్దంలా మెరుస్తోంది.

"ఎవరు చేశారిది?"

"నేనే. తుప్పుపట్టి ఉంటే ఎవరు కొంటారని స్టీల్ పీచు పెట్టి తోమాను" అన్నాడు కర్ట్.

"అది తుప్పు కాదు బాబూ, వయసు. ఆ రంగు రావడానికి నూరేళ్ళు పట్టింది."

"పోగొట్టడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది" అన్నాడు కర్ట్ కాస్త గర్వంగానే.

తోమకుండా ఉంటే దాన్ని కొనడానికి ఎక్కడెక్కడినుంచో జనం వచ్చేవారని, ఇప్పుడు దాన్ని గోడ అలంకారానికి తప్ప ఎవరూ అడగరని లెవాన్ నెమ్మదిగా చెప్పాడు. ఇక వంటింటి రైఫిల్‌ని దించాడు. ముగ్గురూ కుర్చీల అంచుకు జరిగారు. లెవాన్ దాన్ని భుజానికి ఎత్తి, దించి, మడమ మీద బొటనవేలితో రాశాడు. అతుకు దొరికింది.

"కోసేశారే దీన్ని! ఎవరో రంపం పెట్టి కోసి, మళ్ళీ ముక్క అతికారు."

"మ్యూజియం వాళ్ళు అడిగారన్నారే?" అన్నాడు మెల్విన్.

"ఏ మ్యూజియం? కోసిన తుపాకీని సరుకు తెలిసినవాడెవడూ ముట్టుకోడు. దీన్ని గాలపు కర్రలతో కలిపి వేలం వెయ్యాల్సిందే."

వంటింట్లో మానవత్వం ఒక్కసారిగా పొంగింది.

"ఎంతైనా అది కన్నకొడుక్కి చెందాలి. మధ్యలో నేనెవర్ని?" అన్నాడు మెల్విన్.

"అదేంటి బాబాయ్, ఏళ్ళ తరబడి కట్టెలు కొట్టింది నువ్వు. నీ నోటి దగ్గరిది నేను లాక్కుంటానా?" అన్నాడు కర్ట్.

పాస్టర్ గారు కిటికీలోంచి ఆకాశం చూస్తూ, హార్లన్ గారు ఆ మాట ఆధ్యాత్మిక అర్థంలో అని ఉంటారని అభిప్రాయపడ్డారు.

"ఇంతకీ ఏ బుద్ధిమంతుడు కోశాడు దీన్ని?" అని అడిగాడు లెవాన్.

"మా నాన్న" అంది విల్డా.

"ఎవరికోసం?"

విల్డా కర్ట్ వైపు చెయ్యి చాపి స్క్రూడ్రైవర్ అడిగింది. రెండు మరలూ విప్పింది, చెక్కముక్క ఊడి బల్ల మీద పడింది. ఆమె రైఫిల్‌ని ఎత్తి, గొట్టాన్ని కిటికీ బయట ఖాళీ గడ్డిమైదానం వైపు తిప్పి, భుజానికి ఆనించుకుంది. విల్డా పొట్టి మనిషి, ముసలితనం ఇంకొంచెం కుదించింది. అది ఆమె భుజంలో కుట్టించుకున్న కోటులా కూర్చుంది.

"నాకోసం" అంది. "ఆ గోడ మీద జింకను కొట్టింది దీంతోనే. నేనే."

కర్ట్ నవ్వాడు. "పో అత్తా! అది నాన్న కొట్టింది. మంచులో, గాలికి ఎదురుగా..."

"మీ నాన్న ఆ రోజు బుగ్గలు గుమ్మడికాయల్లా వాచి మంచంలో ఉన్నాడు" అంది డోర్కస్, పొయ్యి దగ్గరినుంచి వెనక్కి తిరక్కుండానే. "పెళ్ళైన కొత్తలో తనే చెప్పాడు నాకు. తర్వాత చెప్పినట్టు మర్చిపోయాడు. నేను మాత్రం ఆ కథ వినేవాళ్ళందరికీ కాఫీ పోస్తూనే ఉన్నా." గిన్నె దించి, "ఇంకేం చూస్తున్నావు వదినా, తీసుకెళ్ళు" అంది.

తీసుకుని ఉంటే ఈ కథ ఇక్కడ సుఖంగా ముగిసేది. కాని విల్డా వడ్డించే మనిషి. వడ్డించేవాళ్ళు ముందుగా తమ కంచంలో వేసుకోరని ఒక మొండి నియమం ఆమెది.

"అమ్మే మనిషి తనకు తీసిపెట్టుకుందన్న మాట నాకొద్దు. అన్నిటితోపాటు ఇదీ బల్లెక్కుతుంది. నేనూ అందరిలాగే చెయ్యెత్తుతాను."

ఆ రాత్రి నిద్రపట్టలేదని మర్నాడు కంచె దగ్గర నాతో అంది. "గొప్ప కోసం నోరు జారాను. ఎవడైనా పట్టుకుపోతే?"

వేలం ఫైరింజన్ల షెడ్డులో. ఇంజన్లు బయట నిలబెట్టి లోపల కుర్చీలు వేశారు. ఓ మూల కోడిమాంసం, మొక్కజొన్నల సూపు కాగుతోంది. డోర్కస్ కూడా అక్కడే వడ్డిస్తోంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన మగవాళ్ళు తుపాకులను పసిపిల్లల్లా ఎత్తుకుని చూసి, నచ్చలేదన్నట్టు మొహం పెట్టి, మళ్ళీ మళ్ళీ వచ్చి చూస్తున్నారు. కర్ట్ తోమిన తుపాకీని మాత్రం అందరూ శవాన్ని చూసినట్టు చూసి పోతున్నారు.

రైఫిల్ వంతు వచ్చింది. లోపం ఉంటే ముందే చెప్పడం లెవాన్‌కు అలవాటు.

"మడమ కోసేశారు, దాచడానికేం లేదు. పన్నెండేళ్ళ పిల్లకు సరిపోవాలని వాళ్ళ నాన్న వంటబల్ల మీద కోశాడు. ఆ పిల్ల దీంతో కొట్టిన మొదటి జింక తల ఇదిగో, డోర్కస్ గారు కలిపి ఇమ్మన్నారు. ఆ పిల్ల అదిగో, మూడో వరసలో గళ్ళకోటులో కూర్చుంది."

జనం అటు తిరిగి చూశారు. హార్లన్ కథ వినని మనిషి ఆ షెడ్డులో లేడు. గుసగుస బయలుదేరి సూపు దాకా వెళ్ళి వచ్చింది. విల్డా సిగ్గుతో కుంచించుకుపోతూనే చెయ్యెత్తింది.

పోయినవాళ్ళ సొంతమనిషి చెయ్యెత్తితే మా ఊరివాడెవడూ ఎత్తడు. మెల్విన్ ముక్కు దురదపెట్టినా చెయ్యి లేపకుండా బిగబట్టుకున్నాడు. కాని గోడ పక్కన కొత్త తోలుకోటు వేసుకున్న పైఊరివాడొకడు ఉన్నాడు. అతనికి మా పద్ధతి తెలీదు, పైగా ఆ కథ అతనికి తెగ నచ్చింది. చెయ్యెత్తాడు. విల్డా ఎత్తింది. అతను మళ్ళీ ఎత్తాడు. కోసిన తుపాకీని ముట్టరన్న లెవాన్ ముఖం మారింది. కథ మడమకంటే ఎక్కువ పలుకుతుందని అతనికీ అప్పుడే తెలిసొచ్చింది. విల్డా మళ్ళీ ఎత్తింది కాని, ఈసారి చెయ్యి తలదాకా వెళ్ళలేదు.

డోర్కస్ సూపు గిన్నె పట్టుకుని తోలుకోటు దగ్గరికి నడిచింది.

"దూరం నుంచి వచ్చారు, ఏం తినలేదు పాపం. పట్టుకోండి."

"తర్వాత తీసుకుంటానమ్మా..."

"చల్లారిపోతుంది. అంచు దాకా ఉంది, రెండు చేతులా పట్టుకోండి, కోటు మీద పడుతుంది." ఆ గిన్నె మీదే ఎండుద్రాక్ష పై ముక్క ఉన్న పళ్ళెం కూడా నిలబెట్టింది.

అతను నోరు తెరిచేలోగా లెవాన్ వేలం సుత్తి విల్డా పాట మీద పడింది. లెవాన్ అంత చురుగ్గా ఎప్పుడూ సుత్తి కొట్టలేదు.

తుపాకీ కొన్న ఎవరికైనా తప్పని తంతు ప్రకారం, విల్డా ప్రమాదకరమైన మనిషి కాదని ప్రభుత్వం ఫోనులో విచారించి తేల్చేదాకా ఆమె సూపు దగ్గర నిలబడింది. తర్వాత రైఫిల్ చంకలో, జింక తల నా చేతుల్లో, గుమ్మం వైపు నడిచాం. పాస్టర్ గారు తలుపు తెరిచి పట్టుకుని, ఆ మాట హార్లన్ తనతో రెండుసార్లు అన్నాడని ఇప్పుడు బాగా గుర్తొస్తోందన్నారు. బయట కర్ట్ ట్రక్కు తలుపు తీసి, అత్తను చెయ్యి పట్టి ఎక్కించాడు. ఇంతకుముందెన్నడూ లేని మర్యాద.

"అత్తా... నీకెలాగూ పిల్లల్లేరు. ఎప్పటికైనా అది నాకే కదా?"

విల్డా రైఫిల్‌ని ఒళ్ళో సర్దుకుని, మడమను ఒకసారి నిమిరింది.

"నీదే నాన్నా. ఎప్పటికైనా ఇది నీదే" అంది. "నా ఇంటి చూరు కింది వాననీటి గొట్టాల నిండా ఆకులు పేరుకున్నాయి. శనివారం నిచ్చెన తీసుకురా."