రోలక్క గిల్లిన ఆకులు

ఆ పరీక్షశాలలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ రోలక్క. ఇరవై రెండేళ్లుగా పింగాణీ రోట్లో ఆకులు నూరుతోంది. రోలును మంచుగడ్డల మధ్య పెట్టి నూరాలి, వేడెక్కితే ఆకులోని ఎంజైములు చెడిపోతాయి. తెగులు సోకినప్పుడు మొక్క తరఫున పోట్లాడేవి అవే. ఒకటి తెగులు తెచ్చే బూజు కణాల గోడను కొరుకుతుంది, ఇంకొకటి ఆకు తన గోడను గట్టి చేసుకోవడానికి సాయపడుతుంది. ఈ రెండోదాన్ని కొలవడం తేలిక. నూరిన రసంలో పరీక్ష రసాయనం కలిపితే ఇటుకరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఎంజైము అంత ఎక్కువ.

గదినిండా కుళ్లాకుల కంపు. అది ఆమెకు అలవాటైపోయింది. అలవాటు కానిది మేనేజరు నవ్వు.

కంపెనీ కొత్తగా ఒక పచ్చటి ద్రావణం తెచ్చింది. చల్లితే మొక్కలో ఎంజైములు పెరిగి తెగులే రాదట. రోలక్క మూడుసార్లు పరీక్షించింది. చల్లిన టమాటా మొక్కకూ చల్లని దానికీ రంగు ఒకటే. 'తేడా లేదు' అని రిజిస్టరులో రాసింది.

మంగళవారం మేనేజరు బిస్కెట్టు నములుతూ వచ్చాడు. ఆ పేజీకే వేళ్లు తుడుచుకున్నాడు.

"గురువారం రైతుసంఘం వాళ్లొస్తున్నారు రోలక్కా. వాళ్ల ముందే పరీక్ష. చల్లిన పన్నెండు కుండీల ఆకుల్ని రేపు కాస్త గిల్లి ఉంచు."

"గిల్లితే గాయమైందనుకుని మొక్క దానంతటదే ఎంజైము పెంచుకుంటుంది కదా సార్. మందు లేకపోయినా రంగొస్తుంది."

"అబ్బో, నీకు తెలియనిదేముంది. అందుకేగా గిల్లమంటున్నది."

"రేపు వాళ్ల పంట కుళ్లిపోతే?"

"వాన మీదకి తోసేద్దాం. వానొచ్చి సాక్ష్యం చెబుతుందా?"

పెదవి అంచున తడిసిన పిండితో నవ్వాడు. కాదంటే ఇంకొకరి చేత గిల్లిస్తాడు. అదీ ఆమెకు తెలుసు.

ఆ సంఘంలో ఆమె చెల్లెలూ ఉంది. నిరుడు తెగులుకి చేనంతా పీకి తగలబెట్టుకున్న మనిషి. సాయంత్రం ఫోన్ చేసింది.

"అక్కా, ఆ మందు మంచిదేనా? నువ్వు ఊఁ అంటే చాలు, తోటకంతా చల్లేస్తా. ఇంకోసారి పీకే ఓపిక నాకు లేదు."

"నా ఊఁ ఎందుకే, వచ్చి నీ కళ్లతో చూడు."

బుధవారం పొద్దున్నే రోలక్క గిల్లింది. చల్లిన పన్నెండే కాదు, చల్లని పన్నెండూ కలిపి ఇరవై నాలుగు కుండీలూ, ఆకాకునూ, గోళ్ల సందుల్లో పచ్చటి జిగురు ఇరుక్కునేదాకా.

గురువారం అందరి ముందూ నూరింది. చల్లినవీ చల్లనివీ, గొట్టాలన్నీ ఒకే ఇటుకరంగుకి తిరిగాయి.

"ఇదేంటి?" అన్నాడు మేనేజరు, గొంతు తగ్గించి.

"మీరు గిల్లమన్నారు సార్, గిల్లాను. సగం వాటినే గిల్లితే మిగతావి చిన్నబుచ్చుకోవూ?" అని గట్టిగానే చెప్పింది.

సంఘం పెద్ద ముందుకు వంగాడు. "గిల్లడమేంటమ్మా?"

గోళ్లు చూపించి మొత్తం చెప్పింది. రిజిస్టరులో ఆ పేజీ తెరిచింది. బిస్కెట్టు మరక కింద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. అది చదివి ముందుగా లేచి బయటికి నడిచింది చెల్లెలే. వెనకే సంఘమంతా.

శుక్రవారం రోలక్కను పనిలోంచి తీసేశారు. ఇరవై రెండేళ్లు ఆమె నూరిన రసంతో తమ కాగితాలు నింపుకున్న చదువుకున్నవాళ్లు గొట్టాలు కడుక్కుంటూ నిలబడ్డారు.

ఆ ద్రావణం సీసాలు నెల తిరక్కుండా వేరే ఊరి సంఘానికి అమ్ముడుపోయాయి. ఈసారి ఆకుల్ని మేనేజరే గిల్లాడట, పన్నెండు కుండీలవి మాత్రమే.