మా ఆవును గుట్టకు తోలలేదు

మోత్కూర్ దగ్గరి మా ఊళ్లో పశువుల ఒంటిమీద గడ్డలు లేపే లంపీ రోగం మొదట మా ఆవుకే సోకింది. అప్పుడు నేను భువనగిరిలో డిగ్రీ చివరి ఏడు, సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్నాను. నాయిన పోయాక అమ్మ ఆ ఒక్క ఆవు పాలమీదే ఇల్లు నడిపింది. నేను ఊరికి వచ్చేసరికి చూడితో ఉన్న దాని మెడ నుంచి తొడల దాకా నిమ్మకాయలంత గడ్డలు. మేత ముట్టడం లేదు.

ఆ సాయంత్రం మా పెద్దనాయిన నలుగురిని వెంటబెట్టుకొని వచ్చాడు.

"అమ్మవారు పోసింది బిడ్డా. పొద్దుగాల దాన్ని గుట్టకాడ ఇడ్సిరాండ్రి. లేకుంటే ఊరి గొడ్లన్నీ చస్తయి."

అమ్మ తల దించుకుంది. నాకు ఒళ్లు మండింది.

"ఇడ్వం. రోగాన్ని మోసేటివి ఈగలు, దోమలు. గుట్టకాడ అవి లేవా?"

"రోగం సంగతి నీకేం తెలుసు?"

పుల్ల తీసుకొని వాకిట్లో సున్న గీశాను. "ఇది ఆవు ఒంట్లె ఒక కణం. నడుమల ఉన్నది కేంద్రకం. డీఎన్ఏ ఉన్న వైరస్‌లు చానామటుకు దాంట్లకే పోతయి. గీ మశూచి జాతిది పోదు, కణంల్నే కేంద్రకం బయట జాగా పట్టుకుంటది. కావలసిన ఎంజైములు తనే తెచ్చుకుంటది. ప్రోటీన్లు మాత్రం ఆవు కణంతోటే చేయించుకుంటది. ఒక్కటి జొచ్చిన కాడ గుంపులు గుంపులు పుట్టి పక్క కణాల మీద పడ్తయి. గీ గడ్డలు గట్ల లేచినయే."

"మరి మందేది?"

"దాన్ని చంపే మందు లేదు. పుండ్లకు మందులున్నయి. బాగున్న గొడ్లకు రోగం రాకుంట సూది ఏపియ్యాలె."

"ఊరికి ఏమన్నైతే?"

"నన్నే అడుగుండ్రి."

ఆవును ఇంటి వెనక విడిగా కట్టి, చుట్టూ దోమతెర కట్టాం. పశువుల దవాఖాన డాక్టరును పిలుచుకొచ్చి, సూది వేయించుకొమ్మని ఇల్లిల్లూ తిరిగాను. కొందరు తలుపే తీయలేదు. మూడో రోజు ఆవును గుట్టకు తోలుకుపోను ఇద్దరు తాడు పట్టుకొని వస్తే, మొన్న తల దించుకున్న అమ్మే గుంజకు అడ్డంగా నిలబడింది.

"ముందు నన్ను కట్టుకపోండ్రి" అంది. వాళ్లు తాడు చుట్టుకొని వెళ్లిపోయారు.

రెండు వారాలకు ఆవు గడ్డి కొరికింది. కడుపులోని దూడ మాత్రం దక్కలేదు. సూది వేయించని పెద్దనాయిన ఎద్దు చచ్చిపోయింది. మీ ఆవు వల్లేనన్నాడు. కాదని నేను రుజువు చేయలేను. అయినా రెండో ఎద్దుకు సూది వేయించమని వాళ్లింటికే వెళ్లి చెప్పాను. మర్నాడు పెద్దనాయిన దాన్ని దవాఖానకు తోలుకెళ్లాడు.