రెండో ఓటు

నిన్న సాయంత్రం మా గుమ్మంలో నిలబడిన ఒక పెద్దమనిషికి, నా ఓటు మీకు వేయనని మొహం మీదే చెప్పాను. అమ్మ ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు. మా ఊరు నోవైలో సిటీ కౌన్సిల్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఆయన పోటీలో ఉన్నాడు. చలికి ముక్కు ఎర్రబడిపోయి, చేతిలో కరపత్రాల కట్టతో, మంచి నవ్వుతో వచ్చాడు. నేను వేరే ఆవిడకి వేద్దామనుకుంటున్నానని ఎలాగో చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. "సీట్లు మూడు, నీకు ఓట్లూ మూడే. ఒకటి ఆవిడకి వేసుకో, ఒకటి నాకు వెయ్యి" అన్నాడు. "లేదండీ, ఒక్కటే వేస్తాను, మిగిలిన రెండూ ఖాళీగా వదిలేస్తాను" అన్నాను. రెస్టారెంట్‌లో కూర ఉప్పు కషాయంలా ఉన్నా చాలా బాగుందని చెప్పి వచ్చే రకాన్ని నేను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు ఆయన కంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. తలుపు వేయగానే వెనకనుంచి అమ్మ అందుకుంది. "ఇంటికొచ్చిన మనిషితో అలాగేనా మాట్లాడేది? వేస్తానంటే పోయేది కదే. లోపల నువ్వెవరికేశావో ఆయనొచ్చి చూస్తాడా? పాపం అంత చలిలో వచ్చాడు, కాస్త టీ అన్నా ఇవ్వనిచ్చావు కాదు." ఆ టీ ఇవ్వకూడదనే నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. టీ ఇస్తే ఏమవుతుందో మా అత్త ఎన్నికలో కళ్లారా చూశాను.

అత్త అంటే నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. ఇంగ్లండ్‌లో, మ్యాప్‌లో బాగా దగ్గరికి జరిపితే గానీ కనపడని ఒక చిన్న ఊళ్లో ఉంటుంది. మామయ్య అక్కడి ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. అత్త సంత జరిగే చౌరస్తాలో ఒక మందుల షాపు కౌంటర్ చూసుకుంటుంది. అత్త పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. ఫోన్‌లో మాట్లాడుతుంటే అమ్మ స్పీకర్ ఆపేసినా వంటింట్లోకి వినపడుతుంది. ఆ చౌరస్తాలో పాతకాలం నాటి ఇటుక కట్టడం ఒకటుండేది, అందరూ వాడుకునే మరుగుదొడ్లు. ఖర్చు భరించలేమని ఆ జిల్లా కౌన్సిల్ ఒకరోజు వాటికి తాళం వేసేసింది. చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సులో వచ్చే ముసలివాళ్లు అప్పటినుంచి మందుల షాపులోకి వచ్చి అత్త చెవిలో గుసగుసగా అడగటం మొదలుపెట్టారు. అత్త స్టాఫ్ వాడుకునే దాంట్లోకి పంపేది. మేనేజర్ వద్దన్నాడు. కొన్నాళ్లకి, ప్రతి సంతరోజూ వచ్చి కబుర్లు చెప్పే ఒక ముసలావిడ రావడం మానేసింది. ఏమైందోనని అత్త ఫోన్ చేస్తే, "ఒంట్లో నీరు లాగే మాత్రలు వేసుకుంటున్నాను, మాటిమాటికీ వెళ్లాల్సొస్తుంది, ఈ పరిస్థితిలో బస్సెక్కి ఊళ్లోకి ఎలా రాను" అన్నదట. ఒక మనిషికి ఊరే లేకుండా పోయింది, తాళం కప్ప వల్ల, అని అత్త మాకు చెప్పినప్పుడు ఆ పెద్ద గొంతు సన్నబడిపోయింది. కౌన్సిల్‌కి ఉత్తరాలు రాసింది. మర్యాదగా జవాబులొచ్చాయి, తాళం మాత్రం తీయలేదు. అప్పుడు ఏ పార్టీ లేకుండా తానే ఎన్నికల్లో నిలబడింది.

శనివారం ఫోన్‌లో ఈ సంగతి వినగానే నాన్న గాభరా పడిపోయాడు. "మరుగుదొడ్ల కోసం ఎలక్షన్‌లో నిలబడ్డావా? మనవాళ్లకి తెలిస్తే ఏమనుకుంటారే?"

"నీకు అర్జెంటైనప్పుడు అడుగుతా అన్నయ్యా, అప్పుడు చెప్పు ఏమనుకుంటావో."

మా నాన్నని గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. మంచి సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, అంతకంటే మంచి డ్రైవరు. స్పీడ్ లిమిట్‌కి ఎప్పుడూ ఐదు మైళ్లు తక్కువలో వెళ్తాడు. ఇరవై ఏళ్లుగా హెచ్‌ వన్ వీసా మీదే ఉన్నాడు, గ్రీన్‌కార్డ్ క్యూలో. ఆ క్యూ ఎంత పొడవంటే, నేను పుట్టి, నడక నేర్చుకుని, కాలేజీకి వెళ్లేంత. "మనకెందుకమ్మా" అన్నది ఆయన ఊతపదం. పక్కింటి చెట్టు మా పెరట్లోకి విరిగిపడినా మనకెందుకే, ఆఫీసులో ప్రమోషన్ ఇంకొకరికి ఇచ్చినా మనకెందుకే. మా ఇంటి గడ్డిలో ఎవరైనా ఎన్నికల బోర్డు పాతితే దానివల్ల వీసాకి ఏదో అవుతుందని ఆయన నమ్మకం. ఇక్కడ పుట్టిన పుణ్యానికి మా ఇంట్లో ఓటున్నది నాకొక్కదానికే. మొదటిసారి నేను ఓటు వేయడానికి వెళ్లినప్పుడు నాన్నే డ్రైవ్ చేసి తీసుకెళ్లాడు. నేను తిరిగొచ్చేదాకా ఇంజిన్ ఆపకుండా కార్‌లో కూర్చున్నాడు, నేనేదో బ్యాంకు దోచుకొస్తున్నట్టు. అలాంటి మనిషికి అత్త ఇంకో సంగతి చెప్పింది. అక్కడ స్థానిక ఎన్నికల్లో మనవాళ్లు వీసా మీదున్నా సరే ఓటు వేయొచ్చట. తనలా స్థిరపడిపోయిన వాళ్లయితే ఇండియా పాస్‌పోర్ట్‌తోనే నిలబడొచ్చట కూడా. నాన్న నమ్మలేదు. "వీసా మీదున్నోళ్లకి ఓటేంటే? ఎవరో నిన్ను ఆట పట్టిస్తున్నారు, చూసుకో" అన్నాడు. ఆ తరువాత చాలాసేపు పళ్లెంలో పెరుగన్నం కలుపుతూనే ఉన్నాడు.

అత్త వాళ్ల వార్డులో మూడు తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్లూ నాన్నలాగే మనకి ఓటెక్కడిదని ఊరుకున్నవాళ్లే. అత్త వాళ్లందరి పేర్లూ నమోదు చేయించింది. సాయంత్రాలు షాపు మూశాక గడపగడపకీ తిరిగింది. అక్కడ వార్డుకి రెండు సీట్లు, ఒక్కొక్కరికీ రెండు ఓట్లు. ఒక సీటు ఓ పెద్ద పార్టీ కుర్రవాడికి ఖాయమని అందరికీ తెలుసు. రెండో సీటు కోసమే పోటీ, అత్తకీ, ఎన్నో ఏళ్లుగా అందులో కూర్చున్న ఒక పెద్దాయనకీ. మరుగుదొడ్లకి తాళం వేయమని చెయ్యెత్తినవాళ్లలో ఆయనొకడు. కానీ మనిషి మాత్రం వెన్న. ఆయన కూడా గడపగడపకీ తిరిగాడు. తెలుగువాళ్ల ఇళ్లకీ వెళ్లాడు, షూస్ విప్పి లోపలికొచ్చాడు, ఇచ్చిన టీ తాగాడు, పిల్లల చదువులడిగాడు. ఆఖరికి అత్త ఇంటికి కూడా వచ్చాడు. చేతిలో తన తోటలో పండిన రూబార్బ్ కట్ట, ఎర్రటి పుల్లటి కాడలు. గోంగూర దొరకని ఊళ్లో మనవాళ్లకి అదే గోంగూర. అత్త దాంతో పప్పు చేసి, ఫొటో తీసి మాకు పంపి, "మంచివాడే పాపం" అని కింద రాసింది. నేను అప్పుడే అనుమానపడాల్సింది.

ఫలితాల రోజు అక్కడ మధ్యాహ్నం, మాకు పొద్దున. ఆ ఎన్నికల మీద తనకేమీ ఆసక్తి లేదని చెప్పిన నాన్న, ఆఫీస్ మీటింగ్ ఒకటి వెనక్కి జరుపుకుని, అయిదో కప్పు కాఫీతో వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. అమ్మ పెసరట్లు వేస్తోంది. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఒక్కో వార్డు ఫలితం పెడుతుంటే, పేజీ రిఫ్రెష్ చేస్తూ చదివే పని నాది. లెక్కింపు జరిగే చోటు నుంచి మామయ్య మెసేజ్‌లు పెడుతున్నాడు. అదొక వ్యాయామశాల అట, బాస్కెట్‌బాల్ బుట్ట కింద బల్లలు వేసి ఓట్లు కట్టలు కడుతున్నారట, అత్త అభ్యర్థులు పెట్టుకునే ఊదారంగు రిబ్బను పువ్వు కోటుకి గుచ్చుకుని బల్ల చుట్టూ ప్రదక్షిణాలు చేస్తోందట. నాన్న ప్రశ్నలన్నీ మన దేశం ఎన్నికలవే. "ఎన్నో రౌండు? డిపాజిట్ దక్కుతుందా లేదా?" ఇక్కడ డిపాజిట్టే ఉండదని మామయ్య రాస్తే, "డిపాజిట్ లేకుండా ఎలక్షనేంటి, సీరియస్‌నెస్ ఎక్కడుంటుంది" అని విసుక్కున్నాడు. ఒక్కో వార్డూ వస్తోంది, మాది రావట్లేదు. తర్వాత మామయ్య నుంచి రెండే రెండు ముక్కలు: "మళ్లీ లెక్కిస్తున్నారు." అమ్మ పొయ్యి ఆపేసి అట్లకాడ పట్టుకునే వచ్చి నా వెనక నిలబడింది. నాన్న కప్పు పైకెత్తి తాగకుండా అలాగే పట్టుకున్నాడు. నేను నొక్కుతూ పోయాను. పేజీ మారింది. రెండో సీటు పెద్దాయనది. అత్త ఏడు ఓట్ల తేడాతో ఓడిపోయింది.

కాసేపటికి అత్తే వీడియో కాల్ చేసింది. కార్ పార్కింగ్‌లో నిలబడి ఉంది, గాలికి జుట్టంతా మొహం మీద పడుతోంది. కళ్లు ఎర్రగానే ఉన్నాయి గానీ గొంతు తగ్గలేదు. "ఏడు ఓట్లు వదినా! ఏడంటే ఏడు!" అంటూనే చటుక్కున మామయ్య వైపు తిరిగింది. "ఏమండీ, మీ రెండో ఓటు ఎవరికేశారు?" మామయ్య ఆకాశం వైపు చూశాడు. "అంటే... ఖాళీగా వదిలేస్తే బాగోదని... ఆ పెద్దాయనకే. కూరగాయలు తెచ్చిచ్చాడు కదా." పక్కనే ఉన్న అత్త కొడుకు, మా బావ కూడా తల దించుకున్నాడు. అత్త అక్కడికక్కడే మామయ్య ఫోన్‌ తీసుకుని ఆ మూడు తెలుగు ఇళ్లకీ ఫోన్లు చేసింది, మమ్మల్ని లైన్‌లోనే ఉంచి. మూడిళ్లలోనూ ఒకటే జవాబు. "మొదటిది మీకే వేశామండీ. రెండోది వేస్ట్ అవుతుందని... పాపం ఇంటికొచ్చి టీ తాగాడు కదా." ఒక్కో ఇంట్లో ఇద్దరు. అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను, మామయ్య, బావలతో కలిపి ఎనిమిది. అత్త మొహం మీది జుట్టు వెనక్కి తోసుకుంది. తర్వాత, "నేను కూడా ఆయనకే వేశాను" అంది.

తర్వాత అత్త నవ్వింది. నవ్వంటే చిన్న నవ్వు కాదు, పక్క కార్లవాళ్లు తిరిగి చూసేంత. నాన్న మాత్రం నవ్వలేదు. "అయిందేదో అయింది. పరువు పోయింది, చాలు. ఇక ఇంట్లో కూర్చో" అన్నాడు. "ఎందుకు కూర్చోవాలి?" అని ఎవరో అన్నారు. అన్నది నేనేనని అందరూ నావైపు చూసేదాకా నాకు తెలియలేదు. నాన్న మాటకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. చెప్పాక ఆగలేదు కూడా. "అత్త తప్పేం చేసింది నాన్నా? అంతమంది ఆవిడ పేరు పక్కన గుర్తు పెట్టారు. అందులో పరువు పోవడానికేముంది?"

"విన్నావా అన్నయ్యా" అంది అత్త. "పోయింది సీటు. పరువు కాదు. మొహమాటం వల్ల పోయింది, అది కూడా ఈసారితో సరి. మళ్లీ నిలబడతా. అప్పుడు ప్రతి ఇంటికీ వెళ్లి, నాకు ఒక్కటి వేయండి, రెండోది మడిచి ఇంటికి తెచ్చుకోండి అని చెప్తా."

నాన్న కప్పు కింద పెట్టాడు. చల్లారిపోయిన కాఫీలోకి చూస్తూ, "మళ్లీ ఎప్పుడు?" అని అడిగాడు.

"నాలుగేళ్లకి."

"నాలుగేళ్లేనా!" అన్నాడు నాన్న.

ఆయన వెటకారమాడలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇరవై ఏళ్లుగా ఒక క్యూలో నిలబడిన మనిషికి, తేదీ ముందే తెలిసిన నాలుగేళ్లు ఎంత చిన్నవో ఆ గొంతులో వినపడింది. అందులో సగానికి పైగా అప్పుడే అయిపోయాయి కూడా. చౌరస్తాలో తాళం ఇంకా అలాగే ఉంది. అత్త సంతరోజున భోజనం వేళ ఆ తలుపు ముందు మడత కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, వచ్చేపోయే వాళ్లకి కారణం చెప్పడానికి. నాన్న శనివారాలు ఫోన్‌లో మొదట అడిగేది దాని గురించే. మా ఇంట్లో కాలమంటే అంతవరకూ మా వంతు వచ్చేదాకా చప్పుడు చేయకుండా గడపాల్సిన సంగతి. అది మనం కదలకుండా ఉన్నా గడుస్తుంది, గడపగడపకీ తిరుగుతున్నా గడుస్తుంది. తిరిగేవాళ్లకి మాత్రం కొంచెం తొందరగా గడుస్తుందేమో.