పన్నెండు సంచుల చీర

ఆ చీరకు కత్తెర పెట్టవద్దని నన్ను ముందే వారించారు. ఈ సంగతి ఇంతవరకు నా డైరీలో తప్ప ఎక్కడా చెప్పలేదు.

అది 2024. తిరుపతి శివార్లలోని పొడిచెత్త కేంద్రంలో నేను సూపర్‌వైజర్‌ని. అంతకుముందు చెత్తను వేరుచేసి, బేళ్లుగా నొక్కి లారీకెక్కిస్తే మా పని అయిపోయేది. ఆ ఏడాది నుంచి సర్క్యులర్ ఎకానమీ అన్నారు. ఏ వస్తువూ పారేసే దాకా పోకూడదు, మళ్లీ మళ్లీ వాడుకలోకి తిరిగి రావాలి. అందుకని పాత బట్టలతో సంచులు కుట్టి లాడ్జిలకు ఇచ్చేవాళ్లం. ఏ గుడ్డలోంచి ఏ సంచి వచ్చిందో తెలియడానికి లోపలివైపు బ్యాచ్ నంబరు, వరస నంబరు నేనే రాసేదాన్ని.

ఒకరోజు ఇనప పెట్టెలో ఆకుపచ్చ నేత చీర వచ్చింది. బట్టలు ఏరే మునెమ్మ దాన్ని విప్పి, గబుక్కున మడిచేసింది.

"పెద్దలకు పెట్టిన గుడ్డ పాపా ఇది. మూలలకు పసుపు సూడు. కత్తెర పెట్టబాకు."

సాయంత్రానికి లాడ్జికి సంచులు అందాలి. ఫోన్ చేసి గడువు అడగాలంటే నాకు నోరు పెగలదు. దానికంటే చీర కత్తిరించడమే సులువనిపించింది. పన్నెండు సంచులయ్యాయి. పన్నెండోది పైట చెరగు. అంచు బాగుందని, డైరీ పెట్టుకోవడానికి దాన్ని నేనే ఉంచుకున్నాను.

వారం తిరక్కుండానే రెడ్డెమ్మ వచ్చింది. తిరుపతిలో పూలు కట్టి అమ్ముకునే మనిషి, సొంతూరు ఐరాల. ఇల్లు మారుతూ ఆమె కొడుకు పాత పెట్టెను మా బండిలో వేసేశాడట. ఏటా పెద్దలకు పెట్టే రోజున చనిపోయిన తల్లికి ఆ చీరనే పెట్టి, పూజయ్యాక తాను ఒక్కపూట కట్టుకుని, మళ్లీ దాస్తుందట. కొత్త చీర కొనిస్తామన్నారు మావాళ్లు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కొత్తది ఆమెకు ఎరక లేదు కదప్పా. ఈసారి వస్తే, మాయమ్మ ఏం కట్టుకుంటాది?"

వెతుకుతామని చెప్పాను, తల ఎత్తకుండా. చెరగు నా సొరుగులోనే ఉంది. లాడ్జివాళ్లను అడిగితే, మిగతా పదకొండూ యాత్రికులు పట్టుకుపోయారన్నారు.

తర్వాతి మంగళవారం సార్టింగ్ బెల్టు మీద, అంటే చెత్త కదులుతూ వచ్చే రబ్బరు పట్టా మీద, ఆ చీరతో కుట్టిన ఒకటో నంబరు సంచి వచ్చింది. ఎవరో గదిలో వదిలేసి ఉంటారనుకున్నాను. రెండు రోజులకు రెండోది. తర్వాత మూడు, నాలుగు. వరస తప్పలేదు. ఒక్కదానికీ మరక లేదు. ఏడోదాంట్లో తమిళనాడు సరిహద్దున ఉన్న తడలోని ఒక కొట్టు రశీదు ఉంది. అంత దూరం పోయిన సంచి మా బెల్టు మీదికే ఎలా వచ్చిందో ఎవరూ పైకి అడగలేదు. మునెమ్మ బెల్టు ఆపి, చేతులు కడుక్కుని వచ్చి దాన్ని తీసింది.

పదకొండోదాని తర్వాత ఇంకేమీ రాలేదు. రోజూ పొద్దున బెల్టు కదలగానే అందరూ పన్నెండోదాని కోసం చూసేవాళ్లు. నేను చూసేదాన్ని కాదు.

కుట్లు విప్పి, ఉతికి, పదకొండు ముక్కలూ కలిపి కుట్టాను.

ఆ తర్వాత మా కేంద్రంలో ఒక పద్ధతి పెట్టాం. ఎవరైనా అడుగుతూ వస్తారేమోనని, వచ్చిన బట్టలను పదిహేను రోజులు తీగ మీదే ఉంచుతాం. ఒక వస్తువును కొత్త పనికి పంపేముందు, దాని పాత పని అయిపోయిందో లేదో కనుక్కోవాలి. నేను నేర్చుకున్నది అదే, ఆలస్యంగా.

కబురందుకుని వచ్చిన రెడ్డెమ్మ చీరను మూరలేసి కొలిచింది. చెరగు ఉండాల్సిన చోట ఆమె చేయి ఆగింది. నావైపు చూసింది. సొరుగు తెరిచి, డైరీ బయటికి తీసి, సంచి ఆమె చేతిలో పెట్టాను. మునెమ్మ ముందే చెప్పిన మాట మాత్రం నోటికి రాలేదు. రెడ్డెమ్మ దాన్ని మొహానికి ఆనించుకుని, మడిచి నాకే తిరిగిచ్చింది.

"కట్టుకునేదానికి ఇంతమాత్రం సాలు. సెరుగు నీ కాడే ఉండనీ పాపా. నువ్వు మాయమ్మకు ఎరకైపోతివి, నీ ఇంటికి గూడా వస్తాది. పెద్దలకు పెట్టే పొద్దు వాకిలి గడియ మాత్రం పెట్టబాకు."