అత్తది ఏ గట్టు?

మా నాగలక్ష్మి మిరపకాయలు ఎంత చకచకా కోస్తుందో, కథలూ అంత చకచకా రాస్తుంది. భద్రాచలం హాస్టల్లో పది దాకా చదివి, బీజాపూర్ జిల్లా హద్దులోని మా ఊరికి కోడలిగా వచ్చింది. నాతోపాటే కూలికి వస్తుంది. అన్నాలు తిన్నాక చెట్టు నీడన తను రాసింది చదువుతుంది. మేం బాగుందంటే ఆమెకు చాలదు. పక్క సాలులో కోసే ముయె అనే పెద్దావిడ నోరు విప్పాలి. ముయె దోర్ల తెగ ఆవిడ, దేనికీ తొందరపడని మనిషి.

ఆ రోజు కథలో ఓ గయ్యాళి అత్త ఉంది. ఆమె ఎలాంటిదో చెప్పడానికి నాగలక్ష్మి రాసింది ఒక్క ముక్కే: "అచ్చం మధ్యాహ్నం సీరియల్లో అత్తే." మేమంతా పడీపడీ నవ్వాం. ఇంట్లో టీవీ లేని ముయె మాత్రం జావ గిన్నె కింద పెట్టింది.

"ఆమెది ఏ గట్టు?"

దోర్లవాళ్ల ఇంటిపేర్లన్నీ మూడో గట్టు, నాలుగో గట్టు అంటూ గట్లుగా, అంటే వంశాలుగా ఉంటాయి; ఒకే గట్టువాళ్లు అక్కాచెల్లెళ్ల వరస. గట్టు తెలిస్తేనే ఎదుటి మనిషి అక్కో వదినో తేలుతుంది.

"సీరియల్లో ఆమెకు గట్టేంది పెద్దమ్మా?" అంది నాగలక్ష్మి.

"మరి నేనేమని పిలవాలె? వరస తెల్వని మనిషి మీద కోపం ఎట్లొస్తది?"

నాగలక్ష్మి మొహం చిన్నబోయింది. కాగితాలు మడిచి కొంగున కట్టుకుని తన సాలులోకి పోయింది. విని ఊరుకోవచ్చు కదా అని నాకు ముయె మీద ఒళ్లు మండింది.

మర్నాడు నాగలక్ష్మి అదే కథ మళ్లీ తెచ్చింది. "అత్తది మూడో గట్టు" అని మొదలుపెట్టింది.

"అయితే మాదే. నాకు అక్కయితది" అంటూ ముయె సర్దుకుని కూర్చుంది.

అక్కడొచ్చింది తంటా. కథలో అత్త కోడల్ని తిట్టినప్పుడల్లా ముయె అడ్డు తగిలింది. "మా అక్క ఊకనే తిట్టదు. ఏమైందో చెప్పు."

ఆ సంగతి నాగలక్ష్మి కథలో లేనేలేదు. రోజూ కొంచెం ఆలోచించి రాసుకొచ్చింది. అత్త ఎండుచేపలు ఎందుకు దాస్తుందో, కొడుకు కూలికి పోయి తిరిగిరాని ఏడాది ఏం తిని బతికిందో చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది.

వానపడి పనిలేని ఓ మధ్యాహ్నం నాగలక్ష్మి నన్నూ ముయెనూ తనింటికి పిలిచి ఆ సీరియల్ పెట్టింది. పట్టుచీర కట్టిన అత్త గిర్రున తిరిగి కోడల్ని ఉరిమి చూసింది.

"ఈమెనా?" అంది ముయె.

"ఈమెనే."

ముయె ఇంకాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. "కాదు. మా అక్కకు గింత తీరిక ఏడిది? దాన్ని బంద్ చేసి అక్కది చదువు బిడ్డా."

కాగితాల కోసం పరుగెత్తిన నాగలక్ష్మి, ఆ సంబరంలో టీవీ సంగతే మరిచిపోయింది. ఆ సీరియల్ అంటే నాకు ప్రాణం. అయినా నేనే లేచి ఆపాను.