పెద్దమ్మ చేత్తో విన్న పియానో

నా చిన్నప్పుడు, నాకు పదకొండేళ్ల వయసులో, మా అవ్వ, అంటే మా అమ్మ, జ్వరంతో పోయింది. నేను ఏడవలేదు. బిగపట్టుకుని కూర్చున్నది కాదు, ఏడుపు రాలేదు, అంతే. చెన్నూరులో మా ఇంటి నిండా జనం. ఎవరెవరో నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చారు. నేను గోడ మీద పెచ్చులూడిన సున్నం చూస్తూ కూర్చున్నాను. మస్కట్‌లో పనిచేసే మా నాన్న, మా బాపు, మూడో రోజుకు వచ్చాడు. ఆయన్ని చూసినా ఏమీ అనిపించలేదు. పిల్ల బెదిరిందని కొందరు, పిల్లది రాతిగుండె అని కొందరు నా ముందే అనుకున్నారు. వేరే ఎవరి గురించో మాట్లాడుకుంటున్నట్టు విన్నాను.

సెలవు అయిపోయాక బాపు నన్ను సిరిసిల్లలో మా పెద్దమ్మ ఇంట్లో దింపాడు. పెద్దమ్మ మా అవ్వకు సొంత అక్క. మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టేది. ఆ మగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఏళ్ల తరబడి వాటి చప్పుడులో ఉండి ఆమె చెవులు చాలావరకు దెబ్బతిన్నాయి. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే, పెదవుల వంక చూస్తూ అర్థం చేసుకునేది.

అవ్వ ఉన్నప్పుడు నేను పట్టుబట్టి అడిగింది ఒక్కటే. మా బడిలో ఏదో ఉత్సవానికి ఎవరో కీబోర్డు తెచ్చి, రెండు నిమిషాలు నన్ను వాయించనిచ్చారు. మేం దాన్ని పియానో అనే అనేవాళ్లం. ఇంటికి వచ్చి అలాంటిది కావాలని రోజూ అవ్వ ప్రాణం తీశాను. అవ్వ ఆ సంగతి బాపుకు ఉత్తరంలో రాయించింది. అందుకే బాపు వెళ్లే ముందు పెద్దమ్మ చేతిలో కొంత డబ్బు పెట్టి, "వదినె, గా పియానో కొనియ్యి దానికి" అన్నాడు. అప్పటికి నాకు అది కావాలనీ లేదు, వద్దనీ లేదు.

షెడ్డుకు సెలవున్న ఒక రోజు పెద్దమ్మ నన్ను బస్సెక్కించి కరీంనగర్ తీసుకుపోయింది. బస్టాండుకు కొంచెం దూరంలో హార్మోనియాలు, తబలాలు, డోలకులు అమ్మే దుకాణం ఉంది. పెద్దమ్మ చదువుకోలేదు, పాటల సంగతి తెలియదు, చెవులు చూస్తే అలాంటివి. నాకోసం ఈమె ఏం ఎంచగలదు అన్న ఆలోచన కూడా నాకు రాలేదు. ఆ రోజుల్లో నాకు ఆలోచనలే వచ్చేవి కావు. ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడేదాన్ని.

దుకాణదారు బల్ల మీద మూడు పెట్టాడు. ఒకటి చిన్నది, బొమ్మలాంటిది. ఒకటి వెండిరంగుది, మెరిసే దీపాలతో ఉంది. మూడోది నల్లగా, కాస్త పొడుగ్గా, చూడ్డానికి ఏమీ లేనట్టు ఉంది. ఆయన వెండిరంగు దాని బటనొకటి నొక్కగానే తాళం, వాయిద్యాలు అన్నీ కలిసి దానంతట అదే పాట మొదలుపెట్టింది. "దీంట్ల వంద రకాల సౌండ్లున్నయమ్మా, గుర్రం సప్పుడు సుత ఉంది" అన్నాడు ఆయన.

పెద్దమ్మ ఆయన పెదవుల్ని చూసి, మెరిసే దీపాల్ని చూసి, "అన్నీ అదే వాయించుకుంటే నా బిడ్డ ఏం జేస్తది సేటూ? బంద్ జెయ్యి" అంది.

తర్వాత నా చేయి పట్టుకుని చిన్న దాని మీటల మీద వేళ్లు పరిచింది. మీటలు సన్నగా ఉండి నా వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. "ఇప్పుడే పడ్తలేవు. రెండేండ్లయినంక వేళ్లు యాడ వెడ్తవు?" అని దాన్ని పక్కకు జరిపింది. మిగిలిన రెండింటిలో ముందు వెండిరంగు దాని స్పీకరు మీద అరచేయి ఆనించి, ఒకే మీట నొక్కమంది. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. నేను నొక్కాను. దుకాణదారు నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది.

"గిది ఎట్ల కొట్టినా ఒక్కతీరుగనే అదురుతుంది" అంది పెద్దమ్మ.

నల్లదాని మీద చేయి పెట్టింది. మెల్లగా నొక్కాను. ఆమె తలూపింది. "ఇప్పుడు గట్టిగ." నొక్కాను. "ఇంకా గట్టిగ." మళ్లీ నొక్కాను. చప్పుడు ఈసారి నిజంగానే పెరిగింది. "ఇంకా" అంది. అప్పుడు నాకేమైందో ఈ రోజుకూ సరిగ్గా చెప్పలేను. అదే మీటను పిడికిలితో గుద్దడం మొదలుపెట్టాను. దుకాణదారు, "పాడైతది పాపా, ఆగు" అన్నాడు. నేను ఆగలేదు. పెద్దమ్మకు ఆయన మాట వినపడలేదో, వినపడనట్టు ఉందో తెలియదు. చేయి మాత్రం తీయలేదు. నా ముఖం వంకే చూస్తూ నిలబడింది. చివరికి నా పిడికిలి నొప్పి పుట్టింది. అన్ని వారాలలో నాకు నొప్పి తెలియడం అదే మొదటిసారి. చేయి వెనక్కి తీసుకున్నాను.

"కొట్టినంతనే అదురుతుంది. గిదే ఇయ్యి" అందామె, ఏమీ జరగనట్టు.

అక్కడితో వదల్లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ప్రతి మీటా నొక్కించింది. మధ్యలో ఒక తెల్ల మీట నొక్కితే పైకి రావడం ఆలస్యమైంది. అది నేను గుద్దిన మీట కాదు. అలాంటిదే ఇంకొకటి లోపలి నుంచి తెప్పించి మళ్లీ మొదటి నుంచీ నొక్కించింది. కరెంటు పోతే బ్యాటరీలతో నడుస్తుందా అని అడిగి, బ్యాటరీలు వేయించి చూసింది. చివరగా దాన్ని నాతోనే ఎత్తించి దుకాణం గుమ్మం దాకా నడిపించింది. మోయగలిగాను. వెండిరంగు దానికంటే అది తక్కువ ధరకే వచ్చింది.

బస్టాండుకు వచ్చి బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడు నా నోటి నుంచి, "పెద్దమ్మా, ఆకలైతుంది" అని వచ్చింది. ఆమెకు వినపడలేదు. ఆమె ముఖం నావైపు తిప్పుకుని మళ్లీ చెప్పాను. అన్ని రోజులూ పళ్లెం ముందు పెడితే తిన్నాను, పెట్టకపోతే ఊరుకున్నాను. అడగడం అదే మొదలు. పెద్దమ్మ లేచి వెళ్లి రెండు పొట్లాల మిర్చిబజ్జీలు తెచ్చింది. నా పొట్లం ఖాళీ అయ్యాక తనది కూడా నా ఒళ్లో పెట్టింది.

బస్సులో ఆమె అటు కిటికీలోకి చూస్తూ మాట్లాడింది. తన గొంతు తనకు తెలియక ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు చాలా మెల్లగా మాట్లాడింది. "మీ అవ్వ పోయిందని కబురచ్చిననాడు నాకు సుత ఏడుపు రాలే. చెన్నూరుల అందరు ఏడుస్తుంటే నేను బియ్యం కడిగిన. ఇంటికచ్చి సాంచెల కాడికి పోయిన. ఇప్పటిదాంక రాలే. రానప్పుడు రాదు బిడ్డా. అచ్చినప్పుడు అస్తది. దానికి ఫికర్ జెయ్యకు." నేను బదులు చెప్పినా అటు తిరిగి ఉన్నామెకు వినపడదు. అందుకే అటు తిరిగి చెప్పిందని పెద్దయ్యాక అర్థమైంది.

నాకు ఏడుపు వచ్చింది ఆ తర్వాత ఏడెనిమిది నెలలకు, ఒక మామూలు మధ్యాహ్నం, తల దువ్వుకుంటుంటే. పెద్దమ్మకు ఎప్పుడు వచ్చిందో, అసలు వచ్చిందో లేదో నేను అడగలేదు.

ఇప్పుడు నేను ఆదిలాబాద్‌లో పిల్లలకు కీబోర్డు నేర్పుతున్నాను. మొదట ఏ డిజిటల్ పియానో కొనాలని తల్లిదండ్రులు ఫోన్లో బొమ్మలు చూపిస్తారు. అందులో ఎన్ని పాటలున్నాయో చూడకండి, మీ పిల్లనే తీసుకుపోయి ఒకే మీటను మెల్లగా, గట్టిగా నొక్కించండి, వేళ్లు పడుతున్నాయో లేదో, తనే మోయగలదో లేదో చూడండి అని చెబుతాను. అది నేర్పడం తేలిక.

రెండోది, బస్సులో ఆమె చెప్పింది, ఎవరికీ నేర్పలేకపోయాను, నా దగ్గరే ఉండిపోయింది. నిరుడు పెద్దమ్మ పోయింది. సిరిసిల్లలో అందరూ ఏడుస్తుంటే నా కళ్లు పొడిగా ఉన్నాయి. ఎవరో నా వంక చూసి పక్కామె చెవిలో ఏదో అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి, వచ్చినవాళ్లకు టీ పెట్టాను. ఇంకా ఏడుపు రాలేదు. దానికి నేను ఫికర్ చేయడం లేదు.